రెండో ట్యూబు

సోమవారం

నాకు మనవరాలు పుట్టింది! ఆరేళ్ళది!

రాసి చదువుకున్నాను. మళ్ళీ చదువుకున్నాను. తప్పేం లేదు, అలాగే ఉండనీ. ఆరేళ్ళ కిందట ఎక్కడో పుట్టి ఉంటుంది. మాకు మాత్రం ఇవాళే పుట్టింది, నేను ఒక లారీ చక్రం విప్పుతుండగా.

మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, ఒప్పుకున్నారు. ఆదివారం తీసుకొస్తున్నాం" అంది. అంతే. అటు అది ముక్కు చీదడం వినిపించింది. ఇటు నేను విప్పిన చక్రం మీదే కూలబడ్డాను. లారీ డ్రైవరు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. గుండె పట్టేసిందనుకున్నాడు పాపం. పట్టేసిన మాట నిజమే, కానీ అది వేరే పట్టు.

ఎవరికైనా చెప్పాలి. చెప్పకపోతే పాత టైరులా పేలిపోతాను. కానీ చెప్పకూడదట. అమ్మాయి గట్టిగా చెప్పింది. "నాన్నా, నీ సంగతి నాకు తెలుసు. ఈసారి దత్తత కాగితం చేతికొచ్చేదాకా ఒక్కరికి కూడా వద్దు." పోయినసారి ఒక బాబు వస్తున్నాడన్నారు. కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాం. చివర్లో ఆ బాబు మేనమామ దొరికి తీసుకెళ్ళాడు. బాబుకి మంచిదే. కానీ చుట్టాలంతా వరసపెట్టి పరామర్శకొచ్చారు. వచ్చినవాళ్ళందరికీ మా అమ్మాయే టీలు పెట్టింది. అది నేను చూశాను.

ఇప్పుడు కూడా పాప ముందు కొన్నాళ్ళు ఉంటుందంతే. తర్వాత దత్తత ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, పాపని విడిగా కూర్చోబెట్టి, ఇక్కడే ఉంటావా అని అడుగుతుంది. ఉంటానని పాప తన నోటితో అంటేనే కాగితం. అప్పటిదాకా నా నోటికి తాళం. అందుకే టైర్ల కంపెనీవాళ్ళు ఇచ్చిన ఈ డైరీ తీశాను. ఇన్నాళ్ళూ దీన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాం.

ఇంకొకటి రాయాలి. పిల్లల హోములో పాప పడుకునే గదిలో గోడకి పాత క్యాలెండరు బొమ్మ ఉందట. పెద్ద సరస్సు, ఒడ్డున ఇసుక, ఎర్ర గొడుగు, నీళ్ళలో జనం. మావాళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడు పాప వాళ్ళతో మాట్లాడింది ఒకే ఒక్క మాటట. "మీరు ఇక్కడికి తీసుకెళ్తారా?" తీసుకెళ్తామని మా అల్లుడు మాటిచ్చేశాడు.

అలాంటి సరస్సు మనకీ ఉంది కదా! పొద్దున్నే వ్యాన్‌లో బయల్దేరితే ఎండెక్కేలోగా చేరిపోవచ్చు. అల్లుడు ప్లాస్టిక్ రింగు కొందామన్నాడు. పంక్చర్లు వేసేవాడి మనవరాలికి ప్లాస్టిక్ రింగా? ఎవరైనా వింటే నవ్విపోతారు. కారు ట్యూబు ఒకటి ఇప్పటికే ఏరి పక్కన పెట్టాను.

మనవరాలు. మనవరాలు. మనవరాలు.

మంగళవారం

పక్కషాపు తాళాలాయన కళ్ళు మంచివి కావు.

"ఏం పెద్దాయనా, పొద్దున్నుంచీ ఒకటే ఈల. లాటరీ తగిలిందా?"

"టైరు తగిలింది, కాలికి" అన్నాను. నోటికొచ్చింది అదే.

"కాలికి తగిలితే ఈల వేస్తారా?"

"నొప్పి తెలియకుండా."

అక్కణ్ణుంచి సాయంత్రం దాకా కుంటాల్సి వచ్చింది. మా ఆవిడ టీ తెచ్చి చెవిలో అంది, "పొద్దున ఎడమకాలు కుంటారు, ఇప్పుడు కుడికాలు కుంటుతున్నారు. ఏదో ఒకటి నిలకడగా కుంటండి."

మా అక్క ఫోన్ చేసింది. "ఏరా తమ్ముడూ, గొంతేంటి అలా ఉంది?" జలుబక్కా అన్నాను. "జలుబు చేస్తే ఇంత సంతోషంగా ఉంటుందా గొంతు?" అంది. మా అక్క ముందు నిలబడటం నావల్ల కాదు. కస్టమరు వచ్చాడని పెట్టేశాను. కస్టమరూ లేడు, ఎవరూ లేరు.

గురువారం

మేడ మీద అమ్మాయి వాళ్ళ గదిలో అందరం కూర్చుని సరస్సు గురించి మాట్లాడుకున్నాం. మా అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో పని. ఏదైనా దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూస్తే గానీ తేల్చడు. వ్యాన్ తన స్నేహితుడిదట, నడిపేది కూడా అతనేనట, అతను కాక ఆరుగురు పడతారు. ఎవరెక్కడ కూర్చోవాలో బొమ్మ గీశాడు. పాపది కిటికీ పక్కన. నాది పాప పక్కన అన్నాను.

"పాప పక్కన నేను" అంది అమ్మాయి.

"అటు నువ్వు, ఇటు నేను."

"ఇటు కిటికీ నాన్నా."

కిటికీ గాలి తీసేసింది నా ఆశలకి. సరే, వెనక సీటు. పాప జడ కనిపిస్తుంది, చాలు.

బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు, తువాళ్ళు, పాపకి పొడిబట్టలు రెండు జతలు. అంతా అయ్యాక మా ఆవిడ, "ఇంతకీ మనలో ఈత ఎవరికొచ్చు?" అంది.

అమ్మాయి అల్లుడి వంక చూసింది. అల్లుడు నా వంక చూశాడు. నేను సీలింగు ఫ్యాను వంక చూశాను.

"బాగుంది" అంది మా ఆవిడ. "ఒక్కరికీ రాదు, అందరం బయల్దేరుతున్నాం."

అక్కడ నీళ్ళలో ఎర్రబంతులు కట్టిన తాడు ఉంటుందట, దాని ఇవతల మోకాలిలోతేనట, ఈలవేసే మనిషి కాపలా ఉంటాడట. అల్లుడు అన్నీ కనుక్కున్నాడు. మా ఆవిడ మాత్రం, "నేను దిగను గాక దిగను. ఒడ్డున కూర్చుని మీ చెప్పులు కాస్తాను" అంది. కిందికి వచ్చి చూస్తే పాత దుప్పటి చింపి ట్యూబుకి తొడుగు కుడుతోంది. ట్యూబు నలుపు పాప బట్టలకి అంటుతుందట, ఉతుక్కునేది తనేనట. తొడుగు మీద పువ్వులు కూడా కుట్టింది. ఉతుకుడికీ పువ్వులకీ సంబంధమేంటో నేనడగలేదు.

శుక్రవారం

ఇంకా శుక్రవారమే.

ఆదివారం, పొద్దున

గడ్డం గీసుకున్నాను. చేతుల నలుపు పోవడం లేదు. కిరసనాయిలు అయింది, సబ్బు అయింది, ఇసుక అయింది. ఈ గోళ్ళు చూసి పాప జడుసుకోదు కదా.

ఆదివారం, సాయంత్రం

వచ్చింది.

ఎంత చిన్నది! ఆరేళ్ళంటే ఇంత చిన్నగా ఉంటారని మర్చేపోయాను. నీలం సంచి ఒకటి వీపుకి తగిలించుకుంది. విప్పమంటే విప్పలేదు. దాంతోనే కూర్చుంది, దాంతోనే తింది. బిస్కెట్టు ఇస్తే మధ్యకి విరిచి, సగం తిని, సగం సంచి ముందుజేబులో పెట్టుకుంది. రెండో బిస్కెట్టూ అంతే. ఎంత జాగ్రత్త గల పిల్లో చూడు అన్నాను. మా ఆవిడ ఆ జేబు వంకే చూసింది.

నన్ను చూడలేదు. అంటే, చూసింది, ఒకసారి. గోళ్ళు చూసింది.

ఎన్నో మాటలు కూర్చి పెట్టుకున్నాను. "బాగున్నావా అమ్మా" అని మాత్రం అన్నాను, ఎవరో పెద్దావిడని అడిగినట్టు.

రేపటికి అలవాటవుతుంది.

బుధవారం

రేపటికి అలవాటవుతుంది.

శుక్రవారం

అమ్మాయిని "అమ్మా" అనదు. అల్లుణ్ణి ఏమీ అనదు. నన్నెలాగూ అనదు. ఏదైనా కావాలంటే వచ్చి ఎదురుగా నిలబడుతుంది. మనమే కనుక్కోవాలి. నీళ్ళా? తల అడ్డంగా. పాలా? అడ్డంగా. బయటికా? నిలువుగా. ఇంట్లో అందరం ఇదే పని మీద ఉన్నాం.

నాకు తొందరేం లేదు. "తాతయ్యా" అని ఇప్పుడే అనాలని కాదు. ఊరికే ఆ మాట ఆ గొంతులో ఎలా ఉంటుందా అని. షాపులో కూర్చుని నాకు నేనే ఒకసారి సన్నగా అనుకుని చూశాను. తాళాలాయన తల తిప్పాడు. దగ్గినట్టు దగ్గాను.

సంచిలో బిస్కెట్టు ముక్కలకి చీమలు పట్టాయి. మా ఆవిడ పారేయబోతే పాప రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఏడవలేదు, అరవలేదు, చేతులడ్డం పెట్టింది, అంతే. మా ఆవిడ మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తెచ్చి, ముక్కలన్నీ చీమలు దులిపి అందులో పెట్టి, పాప చేతికిచ్చింది. రేపు తిండి దొరకదేమోనని భయమండీ, అంది నాతో. నాకూ అలాగే తోచింది. ఈ ఇంట్లో నీకు ఎప్పుడూ తిండి ఉంటుందమ్మా అని పాపకి చెప్పాను. వింతగా చూసింది, ఆ సంగతి తనకి తెలియదన్నట్టా, తెలుసునన్నట్టా?

శనివారం

గాలి పడుతుంటే లారీ టైరు పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాప అప్పుడే గుమ్మంలోకి వచ్చిందట. నేను చూడలేదు. ఎంత వెతికినా కనిపించలేదు. చివరికి మేడమెట్ల కింద, సంచి కడుపుకి హత్తుకుని. నేను చెయ్యి చాపితే ఇంకా లోపలికి జరిగింది.

నా చెయ్యి చూసి.

ఆదివారం

షాపు తెరవలేదు.

మంగళవారం

ఆఫీసావిడ వచ్చింది. మంచి మనిషే, నెమ్మదైన మాట. పాపని మేడమీద కూర్చోబెట్టుకుని తలుపు దగ్గరగా వేసింది. మేం నలుగురం కింద వరసగా నిలబడ్డాం.

ఇక్కడే ఉంటావా అని అడిగితే, "తెలీదు" అందట.

ఇంకోసారి వస్తానంది ఆవిడ. తొందరపెట్టకండి అంది.

తెలీదు అందట.

బుధవారం

అమ్మాయి సరస్సు ఇప్పుడొద్దంది. అంత జనం, అంత నీళ్ళు, ఇంకా భయపడుతుంది, ముందు ఇల్లు అలవాటు కానీ అంది. కళ్ళు వాచి ఉన్నాయి. అల్లుడు గీసిన వ్యాన్ బొమ్మ మడిచి ఎక్కడో పెట్టేశాడు.

"సరస్సు ఎక్కడికీ పోదు లెండి" అంది మా ఆవిడ.

సరస్సు పోదు, నేనే పోతానేమో అన్నాను. ఆ మాటకి చాలా తిట్టింది. తిట్టడం అయ్యాక పక్కనే కూర్చుంది.

టైరు పేలడం వల్లే. నేను ఆ రోజు గాలి చూసుకోవాల్సింది. అన్నీ చూసుకునే వేశాను, టైరు పాతది. అయినా చూసుకోవాల్సింది.

పిల్ల వెళ్ళిపోతే ఆ పువ్వుల తొడుగు నేను ఎక్కడ దాచాలి?

శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, అక్షరాలు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. కంప్రెసరు కట్టేసి ఉంచుతున్నాను, పాప మెట్ల మీద కూర్చుంటుంది కాబట్టి. ఊరికే ఉండలేక, పాప కోసం పక్కన పెట్టిన ట్యూబు తీసి నీళ్ళ తొట్టిలో ముంచాను. ఎక్కడో సన్నగా గాలి పోతోంది, నాకు దొరకడం లేదు. కళ్ళజోడు పెట్టుకోమని అల్లుడు చెప్పి చెప్పి విసిగిపోయాడు. తిప్పుతున్నాను, ముంచుతున్నాను, తిప్పుతున్నాను.

తొట్టికి అటువైపు సంచి వచ్చి నిలబడింది.

నేను తల ఎత్తలేదు. ఊపిరి కూడా మెల్లగా తీశాను. ట్యూబు తిప్పాను. చిన్న చెయ్యి ఒకటి నీళ్ళలోకి వచ్చింది.

"ఇదిగో."

వాల్వు పక్కన, పూసలంత బుడగలు, దారం కట్టినట్టు పైకి వస్తున్నాయి. వేలు పెట్టి ఆపింది. తీసింది, వచ్చాయి. ఆపింది, ఆగాయి. నవ్వింది! పై పన్ను ఒకటి లేదు! అది ఊడిన సంగతి కూడా నాకు ఇవాళే తెలిసింది!

ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ప్యాచ్ అంటించే వరకూ వేలు తీయలేదు నా చేతి దగ్గర్నుంచి. నా నల్లచేతి దగ్గర్నుంచి. మళ్ళీ ముంచాం. బుడగల్లేవు. "ఏదీ?" అంది. పోయాయి అన్నాను. "ఇంకోటి తెండి" అంది.

కాలం చెల్లిన ట్యూబులన్నీ దించాను. సాయంత్రం దాకా బుడగలు పట్టాం. తాళాలాయన వచ్చి, "ఈ పాపెవరు పెద్దాయనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మాయి మేడమీద నుంచి దగ్గింది. "బుడగమ్మ" అన్నాను. "మా షాపులో బుడగలు పట్టే పని." అప్పటి నుంచి బుడగమ్మే. పిలిస్తే పలుకుతోంది.

వెళ్ళేముందు ట్యూబు చూపించి, "ఇది నీళ్ళకా?" అంది. సరస్సుకి అన్నాను. కాసేపు ఆలోచించి, "రెండు చేస్తారా?" అంది.

రెండు! నేను కూడా రావాలట! నా కోసమే!

ఆదివారం

నా సైజుకని లారీ ట్యూబు తీస్తే తల అడ్డంగా ఊపింది. "నా అంతే ఉండాలి." ఇంత కడుపు అందులో ఎలా పడుతుందమ్మా అంటే మళ్ళీ కారు ట్యూబే చూపించింది. సరే, కారు ట్యూబే ఇంకొకటి తీశాను. నన్ను తన ఈడువాణ్ణి అనుకుంటోంది, దాన్ని నిరుత్సాహపరచడం ఎందుకు. వాల్వు గీసుకోకుండా దానికి గుడ్డ చుట్టాను. మా ఆవిడ మిగిలిన దుప్పటి చింపింది.

"పువ్వులు కూడా" అంది బుడగమ్మ.

"మీ తాతకి పువ్వులా!" అంది మా ఆవిడ.

బుడగమ్మ మా ఆవిడ వంక, అలాగే నా వంక చూసింది. "పువ్వులు కూడా" అంది మళ్ళీ.

బుధవారం

అమ్మాయి ఒప్పుకుంది. ఈ ఆదివారమే!

వ్యాన్‌లో ఎంతమంది పడతారని బుడగమ్మ అల్లుణ్ణి అడిగింది. ఆరుగురు అన్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "మనం ఐదు" అంది. మనం అంది! మేడమీద అందరం ఆ మాట ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్నాం, అందరం విన్నదే అయినా. ఖాళీ సీట్లో తువాళ్ళు పెడదామని అల్లుడంటే మాత్రం ముఖం ముడుచుకుంది. తువాళ్ళు కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చంది.

శుక్రవారం

వాన.

శనివారం

వాన. ఆకాశానికి ప్యాచ్ వేసేవాడెవడూ లేడు.

ఆదివారం, తెల్లవారుజామున

ఆగింది! వెళ్తున్నాం!

ఆదివారం, ఇంటికొచ్చాక

అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

మొదట నా తెలివి గురించి. సరస్సు దగ్గర కంప్రెసరు ఉండదు కదా, గాలి ఇక్కడే పట్టేస్తే సరిపోతుందని రెండు ట్యూబులూ గట్టిగా నింపి, తొడుగులు తొడిగి, వ్యాన్ దగ్గరికి దొర్లించుకుంటూ తెచ్చాను. తలుపులో పట్టలేదు. అడ్డంగా తిప్పాను, పట్టలేదు. ఒకటి ఎలాగో దూర్చితే లోపల మనుషులకి చోటు లేదు.

"జీవితమంతా గాలి పట్టిన మనిషి" అంది మా ఆవిడ, "తలుపు ఎంత ఉంటుందో చూసుకోలేదు."

గాలి తీశాను. అమ్మాయి నవ్వి నవ్వి మెట్ల మీద కూర్చుంది. దానికి అంత నవ్వొచ్చి ఎన్నాళ్ళయిందో. ఇంకో రెండు ట్యూబులు దూర్చమన్నా దూరుస్తాను.

సరస్సు. నేను రాయలేను. కళ్ళు ఎంత దూరం వెళ్తే అంత నీళ్ళు. తడిసిన ఇసుక వాసన. బొమ్మలో ఉన్నట్టే గొడుగులు, కానీ ఎరుపు లేదు, అన్నీ పసుపువి. బుడగమ్మ చాలాసేపు నిలబడి చూసింది. "బొమ్మలో చిన్నగా ఉంది" అంది.

సైకిలు పంపు తీసి వంతులవారీగా గాలి కొట్టాం. అల్లుడు కొట్టాడు, అమ్మాయి కొట్టింది, నేను కొట్టాను. మా ఆవిడ "చెప్పులు కాస్తానన్నాను గానీ పంపు కొడతానన్లేదు" అంటూనే అందరికంటే ఎక్కువ కొట్టింది. నీళ్ళలోకి కూడా దిగింది. ముందు వేళ్ళు, తర్వాత పాదాలు, చూస్తే మోకాళ్ళ దాకా ఉంది. చెప్పులు ఎవరూ కాయలేదు.

బుడగమ్మని ట్యూబులో కూర్చోబెట్టి అటూ ఇటూ అమ్మాయీ అల్లుడూ పట్టుకున్నారు. రెండోది నేను ఎక్కబోతుంటే, "మీరు కాదు" అంది. తాడు అడిగింది. రెండో ట్యూబుని తన ట్యూబుకి కట్టమంది. కట్టాను. ఖాళీ ట్యూబు పువ్వులతో పక్కనే తేలుతూ ఉంది. దాని మీద ఒక చెయ్యి వేసి ఉంచుకుంది.

అప్పుడు ఎవరో బాబు ఈదుకుంటూ వచ్చి ఆ ట్యూబు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ గొంతు పెంచని పిల్ల ఒక్కసారిగా అరిచింది.

"వద్దు! అది దానిది!"

ఈల మనిషి లేచి నిలబడ్డాడు. బాబు వదిలేసి వెళ్ళిపోయాడు. అమ్మాయి మెల్లగా అడిగింది, "ఎవరిదమ్మా?"

"పక్కమంచం దానిది."

అంతా చెప్పింది, నీళ్ళ వంక చూస్తూ. హోములో తన మంచానికీ ఆ పిల్ల మంచానికీ మధ్య గోడ మీదే ఆ బొమ్మ. పడుకునేముందు ఇద్దరూ బొమ్మలోకి వెళ్ళేవాళ్ళట. ఎవరు నిజంగా ముందెళ్తే వాళ్ళు రెండోవాళ్ళకి చోటు పట్టి ఉంచాలని ఒట్టు. తినేవాటిలో సగం ఉంచాలని ఒట్టు.

డబ్బా గుర్తొచ్చింది. వ్యాన్‌లో ఆరో సీటు గుర్తొచ్చింది. మా ఆవిడ అటు తిరిగి ముఖం మీద నీళ్ళు చల్లుకుంది.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "మరి ఆఫీసావిడ అడిగితే తెలీదన్నావేమ్మా?"

"ఉంటానంటే నేనింక అక్కడికి వెళ్ళను కదా. దానికెవరు చెప్తారు? అది నేనొస్తాననుకుంటూ ఉంటుంది. నా మంచం రోజూ దులుపుతుంది."

పిల్ల ఉండిపోవాలని ఎంత కోరుకున్నానో నాకు తెలుసు. అక్కడి సంగతులన్నీ మర్చిపోతే బాగుండునని కూడా కోరుకున్నాను. నీళ్ళలో నిలబడి ఆ కోరిక నేనే మడిచి పెట్టేశాను. మర్చిపోయే పిల్లయితే మనకెందుకు?

"నేను చెప్తాను" అన్నాను. "రేపే వెళ్ళి చెప్తాను. దాని ట్యూబు దానికుందని, దాని బిస్కెట్లు డబ్బాలో ఉన్నాయని, అన్నీ చెప్తాను."

"మీకు బాగా చెప్పడం వచ్చా?"

మా ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. "ఆయనకొచ్చిందే అదమ్మా. ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని ఎంత చిక్కిపోయారో చూడు."

"నువ్వు చెప్పు నాన్నా" అంది అమ్మాయి. "ఎవరెవరికి చెప్పాలనుంటే అందరికీ చెప్పు."

"కాగితం?" అన్నాను.

"కాగితం వచ్చినప్పుడొస్తుంది."

బుడగమ్మ అటు అమ్మాయినీ ఇటు అల్లుణ్ణీ చూసింది. "అది కూడా వస్తుందా ఇక్కడికి?" అంది. ఆఫీసావిణ్ణి అడగాలి, ఒక్క ఆదివారానికి పంపిస్తారేమో అడగాలి, అన్నాడు అల్లుడు. మాటివ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండుననిపించింది, ఇవ్వకపోవడమే మంచిదనీ అనిపించింది. పంపించకపోతే? అది తలుచుకుంటే ఇంత సంతోషంలోనూ ఒకచోట సన్నగా గాలి పోతూనే ఉంది.

సాయంత్రం బిస్కెట్టు సగం తిని, రెండో సగం నా చేతికిచ్చింది, మీరు తీసుకెళ్ళి ఇవ్వండని. వ్యాన్‌లో నాన్న ఒళ్ళో నిద్రపోయింది. నాన్న అని నేనే రాస్తున్నాను, అది అనలేదు. ఇంటికి రాగానే మేలుకుని, "ఎవరెవరికి చెప్తారు?" అని ఇక్కడికే వచ్చి నా పక్కన కూర్చుంది. కాళ్ళు ఊపుతోంది. ఆఫీసావిడకి తనే చెప్తుందట, అది రాయొద్దంది. మిగతావి రాయమంది.

మా అక్కకి. ఫోన్‌లో కాదు, వెళ్ళి చెప్పాలి. జలుబు తగ్గిందా అని అడుగుతుంది. పడాలి.

మా తమ్ముడికి. వాడికి వినపడదు కాబట్టి మరదలికి. మరదలికి చెప్తే ఇంక సగంమందికి చెప్పక్కర్లేదు.

మా ఆవిడ అన్నగారికి. పోయినసారి పరామర్శకి ముందొచ్చింది ఆయనే. ఈసారి కూడా ముందే రమ్మనాలి.

మా వియ్యపురాలికి. అల్లుడు చెప్తాడు. నేనూ చెప్తాను.

తాళాలాయనకి. చుట్టం కాదు గానీ, రెండు కాళ్ళూ కుంటడం చూశాడు.

ఇక్కడ ఆపబోతే, "మావాళ్ళని రాయలేదు" అంది. రాశాను.

పక్కమంచం పిల్లకి. అందరికంటే పైన రాయమంది. పైన చోటు లేదు, బాణం గుర్తు వేశాను.

హోములో వంటావిడకి. గుడ్డు పెంకు ఆవిడలాగా ఎవరూ తీయలేరట.

గేటాయనకి. ఆయన ఎవరు వెళ్ళినా ఏడుస్తాడట, కాబట్టి నవ్వుతూ చెప్పాలట.

పక్కమంచం పిల్లకి, మళ్ళీ. మొదటిసారి చెప్తే నమ్మదట.

తాతయ్యకి.

ఏ తాతయ్యకమ్మా అన్నాను. వేలు పెట్టి నా చొక్కా గుండీ మీద పొడిచింది. నాకు తెలుసు కదా అన్నాను.

"తెలిసినా చెప్పాలి. రాయండి" అంది.

రాశాను.